పన్నెండు జతల కాళ్ళు

ఆ శుక్రవారం పొద్దున నర్సింలు పెట్టుకున్న పని ఒక్కటే. ప్రార్థన అయిపోగానే తివాచీలు చుట్టి, కుర్చీలు మడిచి, టీ తాగి, ఎవరి కంటా పడకుండా క్యాంపుకు వెళ్ళిపోవడం. ఇరవై ఏడేళ్ళుగా సౌదీలోని దమ్మామ్‌లో అతని శుక్రవారాలన్నీ అలాగే గడిచాయి. లేబర్ క్యాంపులో నీళ్ళ ట్యాంకులూ పంపులూ పైపులూ చూసుకునే పని అతనిది. పైపులతో మాట్లాడే అవసరం ఉండదు. అందుకే ఆ ఉద్యోగం అతనికి సరిపోయింది.

ప్రార్థన జరిగేది ఉమారాణి ఇంట్లో. ఆమె ఒక క్లినిక్‌లో నర్సు. సొంతూరు బందరు. బిషప్పులు, పుస్తకాలు, పద్ధతులు ఉన్న పాత సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. నర్సింలుది మెదక్ వైపు. అతనిదీ ఆ సంఘమే గానీ, పుస్తకం తిరగెయ్యాల్సిన చోట అతను పక్కవాడి వేలు చూసి తిరగేసేవాడు. మూడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషికి అంతకంటే దారి లేదు. ఇలాంటివాళ్ళు పెద్దలూ పిల్లలూ కలిపి ఓ పదిహేను మంది ఆ ఇంట్లో చేరేవారు. ఆదివారం అందరికీ డ్యూటీ. కాబట్టి ఆదివారపు ఆరాధన శుక్రవారం చేసేవారు. క్రిస్మస్ ఏ వారం వచ్చినా వీళ్ళకు శుక్రవారమే. మట్టల ఆదివారం కూడా శుక్రవారమే.

ఇల్లు మొదటి అంతస్తులో. ఇంటి యజమాని ఒక పెద్దవయసు సౌదీ. కింద ఉంటాడు. అందరూ ఆయన్ను అర్బాబు అంటారు. ఆయన తరఫున బిల్డింగు కాపలా ఖాదర్ మొహిద్దీన్‌ది. ప్రొద్దుటూరు మనిషి. అతను ఏడాది కిందటే ఉమారాణిని హెచ్చరించాడు.

"అక్కా, వాకిట్లో గుంపు కనపడితే అర్బాబు ఒప్పుకోడు. ఇప్పటికే ఒకతూరి అడిగినాడు, పైన ఏం జరుగుతాందని. ఇంకోతూరి అడిగినాడంటే ఇల్లు ఖాళీ చేయాల్సిందే. తర్వాత నన్ను అనేది లేదు."

ఆ ఇల్లు పోతే ఇంకో ఇల్లు లేదు. అంతకుముందు మూడిళ్ళు మారారు. ఇది దొరకడానికి ఉమారాణి రెండేళ్ళు తిరిగింది. అందుకని సంఘం కొన్ని జాగ్రత్తలు పెట్టుకుంది. ఇద్దరిద్దరుగా రావాలి. చెప్పులు గడప బయట విడవకూడదు. లోపలికి తెచ్చి ప్లాస్టిక్ టబ్బులో వెయ్యాలి. పరదాలు మూసెయ్యాలి. పాటలు మెల్లగా పాడాలి. ఎంత మెల్లగా అంటే, ఎవరు పాడుతున్నారో ఎవరు పెదవులు కదుపుతున్నారో తెలిసేది కాదు. ఆ రకంగా నర్సింలుకు మంచి గొంతు ఉందని పేరు కూడా వచ్చింది.

నర్సింలుకు ఆ ఇల్లు కావాలి. క్యాంపులో అతన్ని అందరూ "ఓ పానీవాలా" అని పిలుస్తారు. ఈ ఇంట్లో మాత్రం "నర్సింలు గారూ, టీ తీసుకోండి" అంటారు. వారానికి ఒక్కసారైనా ఆ మాట వినకపోతే అతనికి వారం తిరిగినట్టు ఉండదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ రోజు టీ కప్పు చేతికి వచ్చేసరికి ఉమారాణి లేచి నిలబడింది.

"వచ్చే వారం శుభ శుక్రవారం. బహ్రెయిన్ నుంచి అయ్యగారు వస్తానన్నారు. ముందు రోజు గురువారం మనకి కుదరదు కాబట్టి, గురువారం జరగాల్సింది కూడా శుక్రవారం పొద్దున్నే చేసేద్దాం. అయ్యగారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ప్రభువు శిష్యులకి కడిగినట్టుగా. మా బందరులో ప్రతి ఏడూ చేస్తాం."

గదిలో అందరూ ఒక్కసారిగా కాళ్ళు లోపలికి ముడుచుకున్నారు.

"అయ్యగారు మా కాళ్ళు పట్టుకునుడా? మేం గద ఆయన కాళ్ళు మొక్కాలె," అన్నాడు ఎలక్ట్రీషియన్ స్వామి.

"అందుకేగా చెయ్యడం."

"ఎంతమంది దొరికితే అంతమందితోని కానీద్దం సిస్టర్."

"పన్నెండంటే పన్నెండే," అంది ఉమారాణి.

ఆమె ఒక్కొక్కరి ముఖం వైపే కాసేపు చూసింది. అలా చూడగా చూడగా తొమ్మిది మంది ఒప్పుకున్నారు. పదో చూపు నర్సింలు మీద ఆగింది.

ఇరవై ఏడేళ్ళుగా నర్సింలు సంఘం ముందు మేజోళ్ళు విప్పలేదు. మేజోళ్ళ కింద ఉన్నది చూపించేది కాదు. మడమలు పాత సిమెంటు గోడలా పగిలాయి. కుడికాలి బొటనవేలికి గోరు లేదు. ఒకప్పుడు దాని మీద ఇనుప వాల్వు పడింది. ఆ కాళ్ళను తను చూసుకోవడానికే అతనికి మొహమాటం. అయ్యగారు పట్టుకోవడం, సంఘమంతా చూడడం అతని ఊహకు అందలేదు. అతను గబగబా లెక్క వేశాడు. తొమ్మిదికి మూడు కలిస్తే పన్నెండు.

"క్యాంపుకెల్లి ముగ్గుర్ని తెస్త," అన్నాడు.

నర్సింలు నోటి నుంచి వచ్చిన పొడుగు వాక్యాల్లో అది ఒకటి. సంఘం చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టింది.

"ఎవరైనా పర్లేదు బాబాయ్ గారూ," అంది ఉమారాణి కళ్ళు మెరుస్తుండగా. "హిందువులైనా, ముస్లిములైనా సరే. మన సంఘం వచ్చినవాళ్ళని ఎప్పుడూ వద్దనదు."

ఆ మాట అన్నందుకు ఆమె తర్వాత చాలా బాధపడింది.

క్యాంపులో నర్సింలు గదిలోనే ఉంటాడు భూమేష్. జగిత్యాల వైపు మనిషి, షట్టరింగ్ పని. నర్సింలు మాట్లాడని మాటలన్నీ ఆ గదిలో అతనే మాట్లాడేవాడు. ఆ మధ్యాహ్నం అతను మంచం మీద పడుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"భూమేష్. వచ్చే శుక్రవారం పొద్దుగాల రావాలె," అన్నాడు నర్సింలు.

"యాడికి కాకా?"

"సిస్టర్ ఇంటికి."

"ఎందుకే?"

"కాళ్ళు కడుగుతరు."

భూమేష్ లేచి కూర్చున్నాడు. "ఎవలు కడుగుతరు?"

"బహ్రెయిన్‌కెల్లి పెద్దాయన వస్తుండు."

"ఎందుకు కడుగుతడు కాకా?"

ఇక్కడ నర్సింలు చెప్పాల్సింది కొంచెం ఉంది. ప్రభువు చివరి భోజనం దగ్గర లేచి, తువ్వాలు నడుముకు కట్టుకుని, శిష్యుల ముందు కూర్చున్న సంగతి చెప్పాలి. పెద్దవాడు చిన్నవాడికి సేవ చెయ్యాలన్న సంగతి చెప్పాలి. అదంతా చెప్పడానికి కనీసం మూడు నిమిషాలు పడుతుంది. నర్సింలు ఆ మూడు నిమిషాలు మిగుల్చుకున్నాడు.

"మంచిది," అన్నాడు.

"పైసలు?"

"వద్దు. టిఫిను గూడ పెడ్తరు. ముగ్గురు సాలు."

అని దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు.

భూమేష్ ఆలోచించాడు. ఉమారాణి సిస్టర్ నర్సు. కిందటి చలికాలం తన మడమలు పగిలితే నర్సింలు చేత మలాము పంపింది ఆమే. ఇప్పుడు ఆమె ఇంటికి బహ్రెయిన్ నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు. కాళ్ళు చూస్తాడు. పైసలు తీసుకోడు. ఆయన ఎవరై ఉంటాడు? కాళ్ళ డాక్టరు. ఇందులో భూమేష్ తప్పు వెతకడం అన్యాయం. ఎవరైనా అలాగే అనుకుంటారు. ముగ్గురు చాలు అన్నదానికి కూడా అర్థం దొరికింది. లోపలికి ఒక్కసారికి ముగ్గురినే పంపాలన్న మాట. పెద్ద డాక్టర్ల దగ్గర అలాగే ఉంటుంది.

వెంటనే ఫోను తీసి జగిత్యాల, నిజామాబాదు వాళ్ళ గ్రూపులో మాట పెట్టాడు. "అన్నలూ, వచ్చే శుక్రవారం బహ్రెయిన్ కాళ్ళ డాక్టరు వస్తుండు. ఫ్రీ. టిఫిన్ గూడ ఫ్రీ. మా కాకా మాట్లాడి పెట్టిండు. మడమలు పగిలినోళ్ళు, షుగరున్నోళ్ళు పేర్లియ్యుండ్రి."

క్యాంపు బస్సు నడిపే కర్నూలు ముజాహిద్ ఆ మాటను ఉర్దూలో ఇంకో గ్రూపులో పెట్టాడు. అక్కణ్ణించి బెంగాలీల బ్లాకుకు వెళ్ళింది. మంగళవారానికి డాక్టరు లండన్‌లో చదివాడు. బుధవారానికి ఆయనతో పాటు ఒక మిషను కూడా వస్తోంది. గురువారానికి చూపించుకున్న ప్రతి ఒక్కరికీ కొత్త బూట్లు కూడా ఇస్తారని తేలింది.

నర్సింలుది బటన్ల ఫోను. దానికి ఇవేవీ రావు.

అయితే సూచనలు రాలేదని అనలేం. మెస్సులో అన్నం వరుసలో నిలబడితే ఒక బెంగాలీ చెప్పు విడిచి మడమ చూపించి, "చాచా, యే ఠీక్ హో జాయేగా?" అని నయమయ్యే సంగతి అడిగాడు. నర్సింలు తల ఊపాడు. అతను ఎవరేం అడిగినా తల ఊపుతాడు. అది మాట కంటే చవక. ఇంకొకడు వచ్చి, "చాచా, నౌ నంబర్ మిలేగా?" అన్నాడు. తొమ్మిదో నంబరు దేనికో తెలియకపోయినా దానికీ తల ఊపాడు. ఆ వారంలో తను ఎన్ని వాగ్దానాలు చేశాడో నర్సింలుకు తెలియదు. క్యాంపుకు మాత్రం బాగా తెలుసు.

శుక్రవారం తెల్లవారగానే నర్సింలు ముందుగా వెళ్ళి అన్నీ సర్దాడు. కొత్త బేసిను, చెంబు, రెండు బకెట్లు, పన్నెండు తువ్వాళ్ళు. ముగ్గురినీ తీసుకుని నేరుగా వచ్చెయ్యమని భూమేష్‌కు చెప్పి వచ్చాడు. ఆరింటికి అయ్యగారు వచ్చారు. అరవై అయిదేళ్ళ బక్కపలచని మనిషి. అంగీ కింద నడుం నొప్పికి బెల్టు కట్టుకున్నారు.

ఆరున్నరకు ఉమారాణి పరదా సందులోంచి కిందికి చూసింది. చూసి, నర్సింలును పిలిచింది.

"బాబాయ్ గారూ, ముగ్గురన్నారు కదా?"

"ఆఁ."

"మరి బస్సొచ్చిందేంటండీ?"

నర్సింలు వచ్చి చూశాడు. కంపెనీ బస్సే. ముజాహిద్ హారన్ కూడా కొట్టాడు. యాభై ఒక్క మంది దిగారు. క్యాంపు మనుషులకు వరుస అలవాటు కాబట్టి ఎవరూ చెప్పకుండానే గోడ పొడుగునా వరుస కట్టారు. ఒకడు ఇంకొకడి భుజం మీద చెయ్యి వేసి కుంటుతున్నాడు. ఒకడి చంకలో ఎక్స్‌రే కవరు ఉంది. ముందు భూమేష్ ఉన్నాడు. అతని చేతిలో పేర్ల కాగితం.

ఖాదర్ మొహిద్దీన్ రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వచ్చాడు.

"అక్కా! ఏందక్కా ఇది! గుంపు వద్దంటే జాతర తెచ్చినారే! అర్బాబు లేచే టైమయింది. నన్ను చంపుతాడు, ఆయన చంపకపోతే మా బావమరిది చంపుతాడు, ఈ ఉద్యోగం వాడిప్పించిందే!"

"బాబాయ్ గారూ, మీకు దణ్ణం పెడతాను, వెళ్ళి వాళ్ళని పంపించెయ్యండి," అంది ఉమారాణి.

నర్సింలు కిందికి దిగాడు. యాభై ఒక్క మందిని వెనక్కి పంపాలంటే చాలా మాట్లాడాలి. మెట్లు దిగుతూ మాటలు కూడబలుక్కున్నాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి వరుసంతా నిటారుగా నిలబడి "సలాం చాచా" అంది. కుంటుతున్నవాడు ముందుకు వంగి, "చాచా, ఖడా నహీ హో పాతా. పహలే మై జావూఁ?" అన్నాడు. నిలబడలేడట, ముందు తను వెళ్తాడట.

నర్సింలు తల ఊపాడు.

ఆ తల ఊపుకు గేటు తెరుచుకుంది. ఒకడికి ఊపాక ఇంకొకడికి ఊపకుండా ఉండడం మర్యాద కాదు. అయిదు నిమిషాల్లో యాభై ఒక్క మందీ పైన ఉన్నారు.

టబ్బు చెప్పులతో నిండింది. తర్వాత స్నానాల గది నిండింది. వాషింగ్ మిషను మీద కొన్ని పెట్టారు. సంఘం వాళ్ళు తొమ్మిది మందీ తమ చోట్లు వచ్చినవాళ్ళకు ఇచ్చేసి వంటింట్లో చేరారు. పదిహేను మందికి చేసిన ఉప్మాలో చెంబెడు నీళ్ళు పోశారు, తర్వాత ఇంకో చెంబెడు. ఉప్మా జావ వైపు తిరిగింది.

అయ్యగారు గది నిండా ఉన్న మనుషుల్ని చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా ఉమారాణీ, మీది చిన్న సంఘమన్నావు?"

"చిన్నదేనండీ అయ్యగారూ."

"ఇది చిన్నదా! మా బహ్రెయిన్‌లో పన్నెండు మందిని కూర్చోబెట్టడానికి నెల రోజులు బతిమాలుకోవాలి. ఇక్కడ చూడు, ఎంత ఆశగా వచ్చారో! ఒక్కర్ని కూడా వదలను. అందరికీ కడుగుతాను."

ఉమారాణి చెప్పబోయేలోపే ఆయన తువ్వాలు నడుముకు చుట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. మొదటి కుర్చీలో భూమేష్.

"డాక్టర్ సాబ్, ఎడమ మడమ. చలికాలం నెత్తురొస్తది."

"నాయనా, ఆయన దృష్టిలో అన్ని కాళ్ళూ సమానమే."

"సమానం లేవు సార్. ఎడమది ఎక్కువ పలిగింది. మంచిగ చూడుండ్రి."

అయ్యగారు నీళ్ళు పోసి, కడిగి, తుడిచి, ఆ పాదం మీద చెయ్యి ఉంచి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. భూమేష్ కూడా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు.

"ఇంజక్షన్ లేదా సార్?"

"ఏం లేదు నాయనా. శాంతి సమాధానాలతో వెళ్ళు."

"మంచోడు డాక్టరు," అన్నాడు భూమేష్ వెనక వాళ్ళతో. "సూది గూడ లేదు."

మూడోవాడు కాళ్ళు చాపే ముందు ఎక్స్‌రే తీసి అయ్యగారి చేతిలో పెట్టాడు. అయ్యగారు దాన్ని దీపం వైపు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, "దేవుడు మేలు చేస్తాడు" అని తిరిగి ఇచ్చేశారు. అప్పటికి ఉమారాణికి సంగతంతా అర్థమైంది. ఆమె నర్సింలు వైపు చూసింది. నర్సింలు బకెట్ వైపు చూశాడు.

ఆమె లోపలికి వెళ్ళి తన మందుల పెట్టె తెచ్చుకుని అయ్యగారి పక్కనే కూర్చుంది. ఆయన కడిగిన కాలు ఆమె దగ్గరికి వచ్చేది. పగుళ్ళకు మలాము, పుండ్లకు కట్టు, అనుమానం ఉన్నవాళ్ళకు వేలు గుచ్చి షుగరు పరీక్ష. బేసిన్లో నీళ్ళు నల్లబడుతుంటే నర్సింలు పారబోసి కొత్తవి తెచ్చి పోశాడు. పదిహేడో మనిషి దగ్గర అయ్యగారు వంగినవారు మళ్ళీ లేవలేకపోయారు. నలుగురు పట్టి ఆయన్ను తివాచీ మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఆయన పైకప్పు చూస్తూ, "ఆపకండి, ఆపకండి" అన్నారు. అప్పుడు వంటింట్లోంచి స్వామి వచ్చి మాట్లాడకుండా చెంబు అందుకున్నాడు. అతని వెనక ఇంకొకరు వచ్చారు. తమ కాళ్ళు కడిగించుకోవడానికి సిగ్గుపడ్డ తొమ్మిది మందీ ఎదుటివాళ్ళ కాళ్ళు కడగడానికి మాత్రం సిగ్గుపడలేదు.

ఖాదర్ మొహిద్దీన్ మూడోసారి తిట్టడానికి పైకి వచ్చి, తిట్టాక అక్కడే నిలబడ్డాడు.

"ఎట్లా వచ్చినా గదా. నాదీ ఒకతూరి చూడక్కా," అని చెప్పు విడిచాడు.

సరిగ్గా అప్పుడు వంటింటి కొళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

ఇరవై ఏడేళ్ళలో నర్సింలు చేతి కింద ఏ ట్యాంకూ ఎండిపోలేదు. క్యాంపులో ఎనిమిది వందల మందికి నీళ్ళు నడిపిన మనిషి ఒక్క ఇంటి ట్యాంకును రెండు గంటల్లో అడుగంటించాడు. ఆ ట్యాంకు ఉమారాణి ఒక్కదానిదే అయితే బాగుండేది. కింద అర్బాబుకూ అదే ట్యాంకు. పైగా శుక్రవారం. ఆయన స్నానం చేసి మసీదుకు వెళ్ళాల్సిన రోజు.

మోటారు చూద్దామని నర్సింలు మెట్లు దిగుతుంటే అర్బాబు ఎక్కుతూ ఎదురయ్యాడు. భారీ మనిషి, చేతికర్ర. భుజం మీద తువ్వాలు. గడ్డం నిండా సబ్బు నురుగు.

నర్సింలు మెట్ల మధ్యలో నిలబడిపోయాడు. ఆయన్ను ఆపాలి. ఆపడానికి ఏదైనా చెప్పాలి.

"మోయా మాఫీ," అన్నాడు. నీళ్ళు లేవు అని.

అర్బాబు తన గడ్డం వైపు వేలు చూపించాడు. ఆ సంగతి ఆయనకు అప్పటికే తెలుసు. కర్రతో నర్సింలును పక్కకు జరిపి పైకి వచ్చాడు.

గుమ్మంలో ఆయన నిలబడగానే గదిలో అన్నీ ఆగిపోయాయి. ఎవరిదో కాలు బేసిన్ మీద గాల్లోనే ఉండిపోయింది. అర్బాబు అందర్నీ చూశాడు. కట్లు చూశాడు. నేల మీద వెల్లకిలా పడుకుని చెయ్యెత్తి నమస్కారం పెడుతున్న అయ్యగారిని చూశాడు. ఒంటి కాలి మీద నిలబడిన తన కాపలావాణ్ణి చూశాడు. అరబ్బీలో ఒక్క ప్రశ్న వేశాడు.

"వీళ్ళందర్నీ ఎవరు తెచ్చినారని అడుగుతాండాడు," అన్నాడు ఖాదర్, చెప్పు వెతుక్కుంటూ.

యాభై ఒక్క వేళ్ళు నర్సింలు వైపు లేచాయి.

"మా కాకానే సార్! అందర్ని పిలిచింది ఈయనే!" అన్నాడు భూమేష్ గర్వంగా.

నర్సింలు ఉమారాణి వైపు చూశాడు. ఆమె చేతిలో దూది ఉండ ఉంది. దాన్ని పిండుతోంది. ఆమె కళ్ళు గోడల వెంట, పరదాల వెంట తిరుగుతున్నాయి. ఇల్లు ఖాళీ చేసే మనిషి ఏది ఎలా సర్దాలా అని చూసినట్టు చూస్తోంది. ఇక ఈ ఇంట్లో తనకు ఎవరూ టీ ఇవ్వరని నర్సింలుకు అర్థమైంది. అర్థమయ్యాక నోరు తెరిచాడు. అతనికి వచ్చిన అరబ్బీ పంపులకూ వాల్వులకూ సరిపోయేంతే. దానికి చేతులు కలిపి, తెలుగు కలిపి చెప్పాడు.

"శుక్రవారం మేం ఈడ దేవునికి మొక్కుకుంటం. ఏడాదికి ఒక్కపారి మా పెద్దాయన కింద కూసోని కాళ్ళు కడుగుతడు. పెద్దోడు చిన్నోని కాళ్ళు కడగాలెనని మా ప్రభువు చేసి చూపిచ్చిండు. గందుకే. సిస్టర్ ముగ్గుర్నే తెమ్మన్నది. నేను మందికి సక్కగ చెప్పలే. నాకు చెప్పరాదు. తప్పు నాది. సిస్టర్‌ను ఇల్లు ఇడువమనకు. నేను మల్ల ఈడికి రాను."

ముందు మాట్లాడింది భూమేష్.

"అంటే ఈయన డాక్టర్ కాదా?"

"కాదు," అన్నాడు నర్సింలు.

"మరి గీ ముచ్చట నాకెందుకు చెప్పలే కాకా?"

"నువ్వడగలే."

"అడిగిన! ఎందుకు, ఎందుకు అని రెండుసార్లు అడిగిన!"

నర్సింలు తల ఊపాడు. అది నిజమే.

అర్బాబు చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి ఖాదర్‌తో చాలాసేపు మాట్లాడాడు. ఖాదర్ ముఖం మొదట ఎర్రబడింది. తర్వాత పాలిపోయింది.

"అక్కా, అర్బాబు చెప్పేదేందంటే... మీకు రేపు ఖాళీ చేయమని కాగితం ఇద్దామనుకున్నాడంట. కాగితం కింద రాసి పెట్టినాడంట."

ఉమారాణి దూది వదిలేసింది.

"ఏడాదిగా చూస్తాండాడంట. శుక్రవారమైతే మనుషులు ఇద్దరిద్దరు వస్తారు. వచ్చినోళ్ళ చెప్పులు కనపడవు. పరదాలు మూసేస్తారు. గొంతు బయటికి రాదు. పైన జూదం ఆడతాండారు అనుకున్నాడంట. దేవునికి మొక్కుకునేవాళ్ళకు చెప్పులు దాచుకునే పనేంది అంటాండాడు."

ఉమారాణి మెల్లగా ఖాదర్ వైపు తిరిగింది.

"గుంపు కనపడకూడదని చెప్పింది నువ్వే కదయ్యా?"

"గుంపు వద్దంటిని గానీ దొంగల మాదిరి రమ్మంటినా అక్కా?"

అర్బాబు మొదటి కుర్చీ ఖాళీ చేయించి కూర్చున్నాడు. కుడికాలు చాపాడు. ఆయనకూ షుగరు. చిటికెన వేలి పక్కన మానని పుండు ఉంది. ఉమారాణి బకెట్ అడుగున మిగిలిన నీళ్ళతో దాన్ని కడుగుతూ, భయం సంగతి మరిచిపోయి, క్లినిక్‌లో అందర్నీ కోప్పడినట్టే కోప్పడింది. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని, ఈ బిగుతు చెప్పులు ఎవరు వేసుకోమన్నారని. ఖాదర్ తర్జుమా చేసేటప్పుడు సగం మింగేశాడు. అర్బాబు మిగిలిన సగం బుద్ధిగా విన్నాడు. కట్టు కట్టించుకున్నాక ఫోను తీసి ఎవరితోనో నీళ్ళ ట్యాంకరు పంపమన్నాడు. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి ఇంకోమాట అన్నాడు. ఇకమీద చెప్పులు బయటే విడవాలి. నెలకొకసారి తన కాలు చూడాలి. మిగతాది తను అడగడు.

ఖాదర్‌తో సహా మిగిలినవాళ్ళకూ ఆ నీళ్ళే సర్దారు. బస్సు బయల్దేరే వేళకు అందరూ జావ తాగి, కట్లు చూసుకుంటూ మెట్లు దిగారు. డాక్టరు డాక్టరు కాదని తెలిసి కూడా ఎవరూ నొచ్చుకోలేదు. ఒక్క బెంగాలీ మాత్రం నర్సింలు ముందు నిలబడ్డాడు.

"చాచా, నౌ నంబర్?"

తొమ్మిదో నంబరు దేనిదో నర్సింలుకు అప్పుడు తెలిసింది. తను తల ఊపిన సంగతీ గుర్తుకొచ్చింది. అతని బూట్లూ తొమ్మిదే. కంపెనీ కిందటి నెల ఇచ్చినవి. టబ్బు అడుగున వెతికి, రెండూ తీసి ఇచ్చేశాడు. మేజోళ్ళు పొద్దుట్నుంచి నీళ్ళలో నాని కారుతున్నాయి. వాటితో ఎలాగూ నడవలేడు. అవీ విప్పాడు.

విప్పాక చూస్తే సంఘమంతా అతని కాళ్ళ వైపే చూస్తోంది.

నేల మీద నుంచి అయ్యగారు అడిగారు. "అమ్మా, మొత్తం ఎంతమంది అయ్యారు?"

"యాభై మూడు మందండీ. ఖాదరూ, అర్బాబు గారూ కలిపి."

"అందులో మన సంఘం వాళ్ళు?"

ఎవరూ లేరు. పన్నెండు మంది కోసం మొదలైన పనిలో సంఘం వాళ్ళ కాళ్ళు ఒక్క జత కూడా ఎవరూ కడగలేదు.

"నర్సింలూ, నీతో మొదలుపెడదాం. కూర్చో," అన్నారు అయ్యగారు.

"నీళ్ళు అయిపోయినయ్ అయ్యగారూ," అన్నాడు నర్సింలు. ఆ వారంలో అతను అంత సంతోషంగా అన్న మాట ఇంకొకటి లేదు.

కింద ట్యాంకరు హారన్ మోగింది.

ఉమారాణి అతన్ని భుజం పట్టి కుర్చీలో కూలేసింది. అయ్యగారు వంగలేరు కాబట్టి తనే బేసిన్ ముందు కూర్చుంది. గిన్నె తోమినట్టు తోమింది. "ముగ్గురన్నారు... ముగ్గుర్ని తెస్తానన్నారు... నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పడానికి ఏమైందండీ మీకు..." అంటూ పగిలిన మడమలు తోమింది, గోరు లేని వేలి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మెల్లగా నడిపింది. నర్సింలు తల కూడా ఊపలేదు. ముక్కు ఒకసారి ఎగబీల్చాడు. ఏసీ చల్లదనం అని స్వామి తర్వాత అందరికీ చెప్పాడు.

ఆ తర్వాత పై శుక్రవారం సంఘం చెప్పులన్నీ గడప బయట వరుసగా విడిచారు. పరదాలు తీశారు. కాస్త గట్టిగా పాడారు. నర్సింలుకు గొంతు లేదన్న సంగతి ఆ రోజే బయటపడింది. టీ మాత్రం ఇచ్చారు.

పదిహేను రోజులకు అయ్యగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నడుము కుదుటపడిందట. పెంతెకొస్తు పండుగకు బహ్రెయిన్‌లో జనం పలచగా ఉంటారని దిగులుగా ఉందట. నర్సింలును ఒక వారం ముందుగా తమ దగ్గరికి పంపిస్తే మేలు మరిచిపోమని రాశారు. సంఘం కమిటీ కూర్చుని, నర్సింలుకు వీసా దొరకలేదని విచారంతో జవాబు రాసింది. వీసాకు ఎవరూ అర్జీ పెట్టలేదు.